చుట్ట లేకుండా రాచర్ల దాకా

మార్కాపురం పలక మీద ఓనమాలు దిద్దని పిల్లవాడు మా తెనాలిలో ఉండడు. మార్కాపురం చూసినవాడు మాత్రం వెతికినా దొరకడు. అదెక్కడో కర్నూలు జిల్లాలో, కొండల పక్కన, మనకెందుకులే అనుకుంటాం. నేనూ అలాగే అనుకుంటూ ఇరవై ఏళ్ళు ఆ పలకలు అమ్మి బతికాను. పుస్తకాలూ బలపాలూ పలకలూ అమ్ముకునే చిన్న దుకాణం నాది.

ఏటా బడులు తెరిచే ముందు పలకల పెట్టెలు వెంటబెట్టుకుని రైల్లో కాశయ్య వచ్చేవాడు. రాచర్ల దగ్గర ఒక పల్లె వాడిది. పెట్టెలు దింపించాక ఇద్దరం దుకాణం అరుగు మీద కూర్చుని చుట్టలు వెలిగించేవాళ్ళం. మాటలు తక్కువ. వాడు ఒకసారి "ఈ ఏడు వానల్లేవన్నా" అనేవాడు. నేను "ఊఁ" అనేవాణ్ణి. నేనొక మాటంటే వాడు "ఊఁ" అనేవాడు. మళ్ళీ చుట్ట. ఉన్న నాలుగైదు రోజులూ అంతే. వాడు రైలెక్కాక అరుగు బోసిపోయినట్టుండేది. నాకు అంత దగ్గరి మనిషి మా ఊళ్ళో కూడా లేడంటే నమ్మండి.

ఈ ఏడు పలకలు వచ్చాయి, కాశయ్య రాలేదు. పెట్టెలతో వచ్చిన కొత్త మనిషికి వాడి సంగతే తెలియదు. ఇంతలో నా గొంతు బొంగురుపోయింది. ఉమ్మితే ఒక్కోసారి ఎర్రచార. డాక్టరు నోరు తెరిపించి లోపలికి చూసి, "పొగ మానకపోతే గొంతు దక్కదు. గొంతు దక్కకపోతే మీరూ దక్కరు" అన్నాడు. మర్యాదగా చెబుతాడేమో అని ఫీజు ముందే ఇచ్చాను. లాభం లేకపోయింది.

ఆ రోజు నుంచి చుట్ట ముట్టలేదు. కానీ మా బజారులో కూర్చుని మానడం ఎలా? అటు కిళ్ళీకొట్టు, ఇటు మిత్రులు. "ఒక్కటేగా" అని ప్రాణం తీస్తారు. ఎవరికీ తెలియని చోటికి వెళితే నయమనిపించింది. కాశయ్యను చూసినట్టూ ఉంటుంది. వాడితో కూడా మాన్పించాలని మనసులో ఉంది. కరక్కాయ ముక్కలు పొట్లం కట్టుకుని బయలుదేరాను.

గుంటూరు దాటిన బండి

గుంటూరులో బండి మారాను. నరసరావుపేట దాటేసరికి వరిచేలు మాయమై, మిరప, పొగాకు చేలు వచ్చాయి. వినుకొండ దాటాక అవీ తగ్గాయి. ఎర్రమట్టి, రాళ్ళు, తుమ్మచెట్లు. నీళ్ళు కనబడితే జనం లేచి చూస్తారు. మా వైపు నీళ్ళు లేకపోతే చూస్తాం.

వినుకొండలో ఒక వేరుశనగ వ్యాపారి ఎక్కాడు. నా ఎదుట కూర్చుని, చొక్కా జేబులోంచి రెండు చుట్టలు తీసి ఒకటి నాకు అందించబోయాడు. పరిచయం అక్కర్లేదు, పేరు అడగక్కర్లేదు. రైల్లో ఇద్దరు మగవాళ్ళు స్నేహం మొదలుపెట్టే పద్ధతి అది.

"మానేశానండి" అన్నాను.

"మానేశారా?" ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "కాశీకి వెళ్ళొచ్చారా?"

"లేదండి."

"కాశీలో వంకాయ వదిలినవాళ్ళను చూశాను, పొట్లకాయ వదిలినవాళ్ళను చూశాను. ఏమీ లేకుండా ఊరికే చుట్ట వదిలినవాణ్ణి ఇప్పుడే చూడటం!"

డాక్టరు సంగతి చెప్పబోయాను. ఆయన అప్పటికే పక్కబల్ల మీది మనిషికి చుట్ట అందించాడు. వాళ్ళిద్దరూ నిప్పు పంచుకుని, ఊళ్ళు చెప్పుకుని, చుట్టరికం కూడా తీసుకున్నారు. నేను కిటికీలోంచి దొనకొండ దాకా తుమ్మచెట్లు లెక్కపెట్టాను. పొగ నా మొహం మీదికే వచ్చింది. కళ్ళు మూసుకుని పీల్చాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, దొనకొండ దాకా నాకు అదొక్కటే సుఖం.

మార్కాపురం

స్టేషను ఒకచోట, ఊరు ఒకచోట. జట్కా వాడు పావలా అడిగి, బేరమాడితే నవ్వి, మూడణాలకు ఎక్కించుకున్నాడు. దారి పొడుగునా పలకరాయి ముక్కలు. గోడలకు అదే రాయి, ఇంటి కప్పులకు అదే రాయి. వీధిలో పిల్లలు మాత్రం ఇసుకలో రాస్తున్నారు!

పలకల షెడ్డులో మేస్త్రీ ఖాసిం సాహెబును అడిగాను. కాశయ్య సరుకు ఎక్కువ ఆయన దగ్గరే తీసేవాడని నాకు తెలుసు. సన్నని ఉలితో ఒక మనిషి రాతిని అంచున తడుతున్నాడు. తట్టగా తట్టగా రాయి పుస్తకంలా విచ్చుకుంటోంది. ఆడవాళ్ళు ఆ రేకులకు నీళ్ళు చల్లి సానరాయితో రుద్దుతున్నారు. వాళ్ళ చేతులూ మొహాలూ నల్లని బూడిద పూసినట్టున్నాయి. నేను ఇన్నేళ్ళు అమ్మిన వస్తువు ఇలా తయారవుతుందని ఎన్నడూ అడగలేదు. కాశయ్య చెప్పనూ లేదు.

"కాశయ్యనా?" అన్నాడు ఖాసిం సాహెబు. "ఎండాకాలంలో వచ్చినాడు. ఒకటే దగ్గు. కూసుంటే దగ్గు, లేస్తే దగ్గు. సరుకు మేం పంపిస్తాంలే, నువ్వు ఇంటికి పో అని నేనే పంపిచ్చినా. మళ్ళ కబురు లేదన్నా."

అని బీడీ తీసి ఇచ్చాడు. నేను వద్దన్నాను. ఆయన చెయ్యి అలాగే ఆగింది.

"మా చేతిది తీసుకోవా ఏంది?" అన్నాడు మెల్లిగా.

సిగ్గుతో చచ్చిపోయాను. ఎంత చెప్పినా నమ్మడే! గొంతు చూపించాను, డాక్టరు మాట చెప్పాను. అటూ ఇటూ తలాడించాడు కానీ మొహం విచ్చుకోలేదు. చివరికి "మీ ఇంట్లో టీ ఇప్పించండి, తాగే వెళతాను" అన్నాను. అప్పుడు నవ్వాడు. వాళ్ళావిడ లోటా నిండా టీ పంపింది. అది బెల్లం పాకమే. పంతానికి రెండోసారి కూడా అడిగి తాగాను. ఖాసిం సాహెబు బీడీ కాల్చుకుంటూ, నేను గ్లాసు పట్టుకుని, కాశయ్య గురించి కాసేపు మాట్లాడుకున్నాం. కానీ అది ఇద్దరు చుట్టలు కాల్చుకుంటూ కూర్చున్నట్టు ఉండదు. టీ అయిపోతుంది, లేవాలి.

కంభం

నోరు ఊరుకోవడం లేదని మార్కాపురంలో వేయించిన వేరుశనక్కాయలు సేరు కొన్నాను. వాళ్ళు చెనక్కాయలంటారు. కంభం చేరేలోపు అన్నీ తినేశాను. కడుపులో ఏమయిందో చెప్పనక్కర్లేదు. పసుపు చేలకు పేరుబడ్డ ఊరు, పెద్ద చెరువున్న ఊరు అని విని చూడాలనుకున్నవాణ్ణి, సత్రం పెరడు తప్ప ఏమీ చూడలేదు.

సత్రంలో వండిపెట్టే ముసలామె వాము కషాయం కాచి ఇచ్చింది. మర్నాడు పొద్దున కొర్రన్నం మెత్తగా ఉడికించి మజ్జిగ పోసింది. మనకు వరన్నం కాకపోతే అన్నమే కాదు గదా! ఆ కొర్రన్నం నాలుగు ముద్దలు లోపలికి పోయాక ప్రాణం లేచొచ్చింది. నేను తింటుంటే ఆమె గడప దగ్గర కూర్చుని పొయ్యిలోంచి నిప్పు తీసి చుట్ట వెలిగించింది. నా చేతులు చూసి అడిగింది.

"నువ్వు తాగేటోనివేనా నాయనా?"

"మానేశానమ్మా. ఎలా తెలిసింది?"

"పొగ మానినోనికి చేతులు ఎక్కువైతాయి. యాడ పెట్టుకోవాల్నో తెలవదు. నువ్వు వచ్చిన కాడ్నించి చూస్తాండా, ఆ కండువా పిండేసినావు."

చూసుకుంటే కండువా అంచు తాడులా మెలితిరిగి ఉంది. మొగుడు పోయాక చుట్టే తనకు తోడని ఆమె చెప్పింది. మాట్లాడదు, తిట్టదు, పొద్దు గడుపుతుంది అంది. ఆమెకు తోడుంది, నాకు లేదు. ముసలామె మీద అసూయపడే స్థితికి వచ్చానని నామీద నాకే కోపం వచ్చింది.

గిద్దలూరు

గిద్దలూరులో దిగితే నల్లమల ఎదురుగా నిలబడి ఉంటుంది. సంతరోజు. గొర్రెలు, మేకలు, కొండచీపుర్లు, చింతపండు, తేనె. జనం వంగి సరుకు చూసి, బేరం కుదరకపోతే చుట్ట కాల్చి, మళ్ళీ బేరానికి వస్తారు. బేరం మధ్యలో చుట్ట ఉంటే కోపాలు రావని ఒకతను చెప్పాడు. మా తెనాలి సంతలో బేరమంటే అరుపులే.

అంత జనంలో నాతో మాట్లాడినవాళ్ళు ఒక్కరూ లేరు. తప్పు వాళ్ళది కాదు. "నిప్పుందా అన్నా?" అని ఇద్దరు ముగ్గురు దగ్గరికొచ్చారు. లేదనగానే పోయారు. ఆ ఒక్క మాట మీదే కొత్త ఊళ్ళలో ఇన్నేళ్ళు నాకు మనుషులు దొరికారని అప్పుడు తెలిసింది. నేను మానింది పొగ అనుకున్నాను. మనుషులను కూడా మానుకున్నాను. ఇంటి దగ్గర ఎంత ఒంటరితనం వచ్చినా దుకాణం తలుపు తీస్తే పోయేది. ఈ సంతలో అది కూడా లేదు. కాశయ్య ఎలా ఉన్నాడో అన్న బెంగ ఒకటి. ఇంతకూ నేను ఎందుకొచ్చానురా దేవుడా అనిపించింది.

సంత చివర ఒక అంగడిలో కొబ్బరిపీచు తాడు వేలాడుతోంది. కొనకు నిప్పు. చుట్ట కొన్నవాళ్ళు ఆ తాడుతో వెలిగించుకుని పోతున్నారు. నేనూ వెళ్ళి ఒక చుట్ట కొన్నాను. తాడు అందుకున్నాను. చుట్ట కొన పళ్ళతో కొరికి ఉమ్మేశాను. ఉమ్మిలో మళ్ళీ ఎర్రచార.

భయమేసింది. దాన్ని దాచి చెప్పడం నాకు చేతకాదు, చావుభయమే. చుట్టను అంగడి బల్ల మీదే పెట్టి నడిచాను.

"అన్నా, దుడ్లిచ్చి చుట్ట మరిచిపోతాండావే!" అని అంగడి మనిషి కేకేశాడు. తిరిగి చూడలేదు. వెనక ఎవరో నవ్వారు.

రాచర్ల దారి

రాచర్ల దాకా ఎద్దులబండి దొరికింది. అక్కడి నుంచి కాశయ్య పల్లెకు నడక. జొన్న కోసేసిన చేలు, మోళ్ళు కాళ్ళకు గుచ్చుకుంటాయి. ఒక రాతిగుట్ట నీడన గొర్రెలు కాచే మనిషి కూర్చుని ఉన్నాడు. నా ఈడువాడే. దారి అడుగుదామని ఆగాను.

అతను ముందు నన్ను కూర్చోమన్నాడు. చెకుముకి రాయి తీసి, దూది అంటించి, తన చుట్ట వెలిగించుకుని, ఇంకోటి నాకు ఇవ్వబోయాడు. వద్దన్నాను. అతని మొహం మారింది. ఆ మొహం నాకు అలవాటైపోయింది కనుక తొందరగా చెప్పాను.

"నీది కాదని కాదు తమ్ముడూ. గొంతు పోయింది, మానేశాను. కాశయ్య ఇంటికి వెళ్ళాలి. పలకల కాశయ్య."

అతను చుట్ట నోట్లోంచి తీసేశాడు.

"నీకు తెలవదా? పోయినాడు గదన్నా. ఈ పొద్దు ఆయన పెద్దదినం. అందరూ చేని కాడికి పోతాండారు. అదో, ఆ రేగుచెట్ల అవతల. బిరబిర పో, అందుకుంటావు."

లేవలేకపోయాను. ఆ మనిషి పేరు కూడా నాకు తెలియదు. అతని పక్కన కూర్చుని ఏడ్చాను. అతను తన చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు. గొర్రెలను వదిలేసి రేగుచెట్ల దాకా నాతో వచ్చాడు.

కాశయ్య చేను

చేని గట్టున కొత్త సమాధి. మట్టి ఇంకా ఎర్రగా ఉంది. తల దగ్గర ఒక నల్లరాయి. ముందు విస్తరిలో కొర్రన్నం, కోడికూర, వడలు, బొరుగులు. పక్కన ముంతలో కల్లు. పాతికమంది దాకా ఉన్నారు. నేను ఎవరో చెప్పుకోబోయి "నేను తెనాలి నుంచి" అనగానే సమాధి దగ్గరి ఆడమనిషి లేచి నిలబడింది.

"పలకల అంగడి అన్నవా?" అంది. కాశయ్య భార్య ఓబులమ్మ. నేను ఆమెను ఎన్నడూ చూడలేదు. "నీ మాటే చెప్పేవాడన్నా. తెనాలి అరుగు, తెనాలి అన్న. ఇంగో మాట లేదు."

నా గురించి వాడు ఇంట్లో చెబుతాడని నాకు తెలియదు. నేను మా ఇంట్లో వాడి గురించి అంత చెప్పలేదు.

కాశయ్య పెదనాయన కొడుకు గురవయ్య అక్కడ పెద్ద. ఆయన నా చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకెళ్ళాడు.

"మా ఇండ్లల్లో ఒక పద్ధతి ఉండాదన్నా. పోయినోనికి ఏది ఇష్టమో అది, దాంట్లో ఆయనకు జత ఎవరో వాళ్ళే పెట్టాల. కల్లు ఈ మామ పెట్టినాడు. చుట్టకు జతగాడు నువ్వే, ఊర్లో ఎవరూ లేరు. నువ్వు రావని నేనే పెడదామనుకుంటి. సమయానికి వచ్చినావంటే వాడే పిలిపిచ్చుకున్నాడు. అంటిచ్చి పెట్టు."

చుట్ట నా చేతిలో పెట్టాడు. మట్టిపిడతలో నిప్పులున్నాయి. నా గొంతు సంగతి ఆ వేళ ఎలా చెప్పను? నోటికి తగలకుండా చుట్ట కొనను నిప్పుకు ఆనించి ఊదాను. ఊది ఊది ఎర్రబడ్డాక తలరాయి మీద పెట్టి దణ్ణం పెట్టాను. అందరూ చూస్తుండగానే ఆరిపోయింది.

మళ్ళీ అంటించాను. మళ్ళీ ఆరింది. మూడోసారీ అంతే. గుసగుసలు మొదలయ్యాయి. కాకి ముద్ద ముట్టకపోతే మన వైపు ఎలా బెంబేలు పడతామో వాళ్ళు అలా అయిపోయారు.

"తీసుకోలా" అన్నాడు గురవయ్య. "వానికి ఏందో కొదవ ఉండాది."

"అది కాదయ్యా. నోట పెట్టి లాగితేగాని చుట్ట సరిగా అంటుకోదు. నేను లాగలేదు, అందుకే ఆరింది" అన్నాను.

"ఇంతసేపు నిప్పుల్లో పెట్టిన చుట్ట ఊరికే ఆరుతాదా అన్నా? అది వాని కోపమే."

ఓబులమ్మ నేల మీద కూలబడింది.

"నామీదే కోపం" అంది. "ఆఖరి పొద్దు చుట్ట అడిగినాడన్నా. చేతులెత్తి అడిగినాడు. వైద్యుడు వద్దన్నాడని నేను ఇయ్యలా. దాచిపెట్టినా. ఇప్పుడు పెడితే ఎందుకు తీసుకుంటాడు?"

"నువ్వు ఇవ్వకపోవడమే మంచిదమ్మా. నేనైనా ఇవ్వను" అన్నాను. ఆమెకు ఆ మాట చెవికెక్కలేదు. తలరాయికి నుదురు ఆనించి "తీసుకో సామీ, తప్పైపోయింది, తీసుకో" అని బతిమాలుతోంది. ఆడవాళ్ళు పట్టుకున్నా లేవడం లేదు. ఇక బతికినన్నాళ్ళూ ఈమె ఇదే తలుచుకుని కుమిలిపోతుందని నాకు స్పష్టంగా తెలిసింది. దానికి మందు నా చేతిలో ఉంది. నా గొంతులో ఉన్నదీ నాకు తెలుసు. ఒక్క దమ్ము తర్వాత ఆగగలనని నామీద నాకు నమ్మకం లేదు. ఇన్ని ఊళ్ళు దాటి వచ్చింది ఇందుకా అనిపించింది.

చుట్ట తీసుకుని నోట పెట్టుకున్నాను. నిప్పుకు ఆనించి లాగాను. గట్టిగా, నిండుగా, మా అరుగు మీద లాగినట్టే లాగాను. కొన భగ్గుమంది. పొగ లోపలికి దిగింది. ఎంత హాయిగా ఉందో చెబితే మీరు నన్ను తిడతారు. ఒళ్ళంతా ఇంటికి చేరినట్టయింది. గొంతు మండింది, కళ్ళు తిరిగాయి, అయినా రెండో దమ్ముకు పెదవులు వాటంతటవే బిగుసుకున్నాయి. చుట్టను నోట్లోంచి లాగి తీశాను. మర్యాదగా తీయలేదు, లాక్కున్నాను. తలరాయి మీద పెట్టాను.

ఈసారి ఆరలేదు. సన్నగా పొగ లేచింది.

"తీసుకున్నాడు" అన్నాడు గురవయ్య. ఓబులమ్మ తలెత్తి ఆ పొగనే చూసింది. చాలాసేపు చూసింది. కొంగుతో మొహం తుడుచుకుని, "వచ్చిన మనుషులకు అన్నం పెట్టండి" అని ఆడవాళ్ళకు చెప్పింది.

అందరూ లేచి ఇంటి దారి పట్టారు. నన్నూ పిలిచారు. వస్తాను, మీరు పదండి అన్నాను. మా అరుగు మీద కూర్చున్నట్టే వాడి పక్కన కూర్చున్నాను. గాలి మారి పొగ నావైపు వచ్చింది. చెయ్యి చాపితే అందేంత దూరంలో చుట్ట ఉంది. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. అది కొన దాకా కాలింది.

"ఇక నుంచి నువ్వొక్కడివే కాల్చుకోవాలిరా కాశయ్యా" అన్నాను పైకే.

వాడు "ఊఁ" అనలేదు. అప్పుడు నాకు వాడు పోయినట్టు తెలిసింది.